చచ్చాక పరామర్శ కాదు, బతికుండగా పలకరింపు కావాలి

రైతు ఉసురు తీసుకుంటే ప్రభుత్వ యంత్రాంగం అంతా ఒక్కసారి కదులుతుంది. తహసీల్దారు వస్తాడు, ఎస్సై వస్తాడు, వ్యవసాయాధికారి వస్తాడు. పాసుపుస్తకం ఉందా, బ్యాంకు అప్పు ఎంత, ప్రైవేటు అప్పుకు కాగితం ఉందా, పోస్టుమార్టం అయ్యిందా అని అడుగుతారు. నాయకులు వస్తారు, ఫొటోలు దిగుతారు. పదకొండో రోజు దాటితే ఆ ఇంటి గడప తొక్కేది అప్పులోళ్లే.

మరి ఆ మనిషి బతికుండగా ఎవరు వచ్చారు? ఆఖరి మూడు నెలలు నిద్ర పట్టక వాకిట్లో తిరుగుతున్నప్పుడు, తిండి మానేసినప్పుడు, చేను వైపు పోవడం బంద్ చేసినప్పుడు ఏ అధికారి తలుపు తట్టాడు? ఏ డాక్టరు చూశాడు? ఏ బ్యాంకు మేనేజరు పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు? మన పోరాటంలో ఇప్పటిదాకా సరిగ్గా నిలబడని ప్రశ్న ఇది. దీన్ని ఈ నెల మన సంఘం ముందు పెడుతున్నాను.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 జూన్ 1న 421 జీవో వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం అని అందులో రాశారు. తెలంగాణ వచ్చాక 2015లో 194 జీవోతో దాన్ని ఆరు లక్షలు చేశారు. 2018 ఆగస్టు 15 నుంచి రైతు బీమా కింద ఐదు లక్షలు ఇస్తున్నారు. ఇవేవీ ఊరికే రాలేదు. ధర్నాలు చేస్తే వచ్చాయి, చనిపోయినవాళ్ల భార్యలు కలెక్టరేట్ల ముందు కూర్చుంటే వచ్చాయి. ఇవి ఉండాల్సిందే, ఇంకా పెరగాల్సిందే. కానీ అన్నలారా, అక్కలారా, ఒక్క సంగతి గమనించండి. ఈ కాగితాలన్నీ చావు సర్టిఫికెట్‌తోనే మొదలవుతాయి. చచ్చిన రైతుకు ఒక రేటు కట్టిన ప్రభుత్వం, బతికున్న రైతు గుండెలో ఏముందో అడగడానికి ఒక్క మనిషిని పెట్టలేదు.

"మనసు బలహీనం" అనే మాట

రైతు ఆత్మహత్యల మాట ఎత్తగానే కొందరు పెద్దమనుషులకు ఒక పాట వస్తుంది. "రైతులకు మనోధైర్యం తగ్గింది. యోగా చేయాలి, ధ్యానం చేయాలి, ఆశావాదం పెంచుకోవాలి" అంటారు. ఏసీ కార్లో వచ్చి, మైకు ముందు ఈ నాలుగు ముక్కలు చెప్పి, శాలువా కప్పించుకుని పోతారు.

మిర్చి కోసి, ఎండబెట్టి, బస్తాలకెత్తి మార్కెట్‌కు తీసుకపోతే మూడు రోజులు యార్డులో పడుకోబెట్టి ఆఖరికి కూలీ ఖర్చులు కూడా రాని ధర చెప్తారు. ఆ రైతుకు ధ్యానం ఏం చేస్తుంది? అతని మనసు బలహీనమైంది కాదు. రెండు బోర్లు ఎండిపోయినా మూడో బోరు వేసిన గుండె అది. గులాబీ పురుగు తిన్న చేనులోనే మళ్లీ పత్తి గింజ పెట్టిన గుండె అది. ఈ దేశంలో ప్రతి ఏటా పెట్టుబడి మొత్తం మట్టిలో పోసి, ఆకాశం వైపు చూసి, ధర ఇంకొకడు చెప్తే తల ఊపేవాడు రైతు ఒక్కడే. ధైర్యం గురించి రైతుకు పాఠం చెప్పే అర్హత ఎవరికీ లేదు.

ఇంకో మాట కూడా వస్తుంది. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలు తెచ్చి, "చూడండి, ఆత్మహత్యలకు మొదటి కారణం కుటుంబ సమస్యలు, రెండోది జబ్బులు" అంటారు. నిజమే. 2022 లెక్కల్లో దేశంలోని ఆత్మహత్యలన్నిటిలో 31.7 శాతం కుటుంబ సమస్యల ఖాతాలో, 18.4 శాతం జబ్బుల ఖాతాలో వేశారు. దీన్ని పట్టుకుని, "రైతులు అప్పులతో చనిపోవడం లేదు, ఇంట్లో కొట్లాటలతో చనిపోతున్నారు" అని తేల్చేస్తారు.

అయ్యా, రైతు ఇంట్లో కుటుంబ సమస్య ఎక్కడి నుంచి పుడుతుంది? పత్తి ధర పడిపోయి బిడ్డ పెళ్లి రెండో ఏడు కూడా వాయిదా పడితే అది కుటుంబ సమస్య. భార్య పేరు మీద తెచ్చిన గ్రూపు లోను కిస్తీ రోజు వస్తే ఆలుమగల మధ్య మాటా మాటా పెరుగుతుంది, అది కుటుంబ సమస్య. నడుము నొప్పికి, కిడ్నీకి ప్రైవేటు దవాఖానలో లక్షలు పోసి, ఎకరం అమ్మి, మళ్లీ అప్పు చేస్తే అది జబ్బు. పోలీసు కాగితంలో ఒక్క గడే ఉంటుంది, రైతు బతుకులో అన్ని గడులూ కలిసే ఉంటాయి. ఆఖరి రోజు జరిగిన కొట్లాటను రాసి, మూడేళ్లుగా నలుగుతున్న అప్పును వదిలేస్తే అది లెక్క ఎట్లా అవుతుంది?

అదే 2022లో వ్యవసాయ రంగంలో చనిపోయిన వాళ్లు 11,290 మంది. అందులో రైతులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. అంటే రైతుల కన్నా కూలీలే ఎక్కువ. మన తెలంగాణలో 2015 ఒక్క ఏడాదిలోనే ఈ లెక్క 1,400. ఇవి పోలీసులు రాసుకున్నవి. ఇక మహిళల సంగతి చూడండి. 2022లో గృహిణుల పేరుతో రాసిన ఆత్మహత్యలు దేశంలో 25 వేలు దాటాయి. అందులో నాట్లు వేసిన చేతులు ఎన్ని, పత్తి ఏరిన చేతులు ఎన్ని? పాసుపుస్తకం మొగుడి పేరు మీద ఉంటే ఆమె రైతు కాదు, ఉత్త గృహిణి. బతికుండగా రైతుగా గుర్తించలేదు, చచ్చాక కూడా గుర్తించలేదు.

"ఇదంతా పక్కదారి" అనే మాట

ఇప్పుడు మన వైపు నుంచి వచ్చే మాట కూడా మాట్లాడుకుందాం. కొందరు మిత్రులు ఇలా అంటున్నారు: "మానసిక ఆరోగ్యం అంటూ మొదలుపెడితే అసలు సమస్య పక్కకు పోతుంది. గిట్టుబాటు ధర ఇస్తే, అప్పు మాఫీ చేస్తే మనసు దానంతట అదే బాగుపడుతుంది. కౌన్సెలింగులు పాలకుల ఎత్తుగడ."

వాళ్ల అనుమానంలో అర్థం ఉంది. ధర ఇవ్వని ప్రభుత్వం దానికి బదులు ధైర్యం పంచుతానంటే నమ్మకూడదు. స్వామినాథన్ కమిషన్ 2006లో చెప్పిన ఖర్చుకు ఒకటిన్నర రెట్లు అనే సూత్రం ఇంకా కాగితం మీదే ఉంది. దాన్ని వదిలి మనం ఎక్కడికీ పోయేది లేదు.

కానీ ఒక ప్రశ్న. చట్టం రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మనకు తెలుసు. ఈ యాసంగిలో కుంగిపోతున్న మనిషిని అప్పటిదాకా ఆగమని చెప్తామా? అప్పు మాఫీ జాబితాలో పేరు రాని కౌలు రైతుకు రేపు రాత్రి ఎట్లా గడుస్తుంది? కాలు విరిగినవాడికి రోడ్డు గుంతలు పూడ్చాలని ధర్నా చేయాలి, అదే రోజు కట్టు కూడా కట్టించాలి. ఒకటి చేస్తే రెండోది పక్కదారి ఎట్లా అవుతుంది?

కాడికి రెండెడ్లు కావాలి. ధర కోసం, అప్పు విముక్తి కోసం, కౌలు రైతు గుర్తింపు కోసం పోరాటం ఒక ఎద్దు. ఊరిలో ప్రతి మనిషి గుండె దిటవుగా ఉండేట్టు చూసుకోవడం రెండో ఎద్దు. ఒంటెద్దుతో సాలు వంకర పోతుంది.

ఇంకొకటి. కుంగుబాటు జబ్బుగా ముదిరాక, ధర వచ్చినా అది తగ్గదు. రెండు మూడు వారాలకు పైగా నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస పోతే అది ఒంటికి వచ్చిన జ్వరం లాంటిదే. దానికి మాట సాయం ఉంది, మందు ఉంది, నయమవుతుంది. మలేరియా దోమల వల్ల వస్తుందని, ముందు మురికి కాలువలు బాగు చేయండని కొట్లాడతాం. జ్వరం వచ్చినవాడికి మాత్రం గోలీ వేయకుండా ఉండం కదా!

చట్టం ఏం చెప్తోంది, మండలంలో ఏం ఉంది

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 115వ సెక్షన్ చదివితే మనలో చాలామంది ఆశ్చర్యపోతారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, అతన్ని శిక్షించకూడదు, మళ్లీ అలాంటి స్థితి రాకుండా చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదే అని ఉంది. 18వ సెక్షన్ కింద ప్రతి మనిషికీ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందే హక్కు ఉంది. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అది ఉచితం. జిల్లాలో ఆ సేవలు లేకపోతే వేరేచోట అయిన చికిత్స ఖర్చు తిరిగి ఇచ్చేట్టు నిబంధనలు చేయాలని కూడా రాశారు. 29వ సెక్షన్ ఆత్మహత్యల నివారణ కార్యక్రమాలు ప్రభుత్వం చేపట్టాలని చెప్తోంది. కొత్త న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి వచ్చాక పాత 309 సెక్షన్ కూడా లేదు.

మరి ఇవి ఊళ్లో ఎవరికి తెలుసు? బతికి బయటపడ్డ మనిషి దవాఖాన మంచం మీద ఉండగానే, "కేసు అవుతుంది" అని ఇంటివాళ్లను భయపెట్టడం ఈనాటికీ చూస్తున్నాం. ఆ భయానికి కడుపు నొప్పి అని, పొరపాటున జరిగిందని రాయించి, నాలుగో రోజు ఇంటికి తెస్తారు. మనిషిని అదే ఇంటికి, అదే అప్పుకు, అదే ఒంటరితనానికి తెచ్చి వదిలేస్తారు. ఒకసారి ప్రయత్నించిన మనిషికే మళ్లీ ప్రమాదం ఎక్కువని డాక్టర్లంతా చెప్తారు. ఆ ఇంటికి ఎవరూ తిరిగి పోరు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కొత్తది కూడా కాదు. 1996లో దేశం మొత్తంలో నాలుగు జిల్లాల్లో మొదలుపెడితే అందులో మన మెదక్ ఒకటి. దాదాపు ముప్పై ఏళ్ల కింద మన గడ్డ మీదే మొదలైన పని ఇది. ఈ ముప్పై ఏళ్లలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ చేరాల్సింది. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి వాళ్లలో నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. ఉన్నవాళ్లు ఎక్కువగా పట్నాల్లోనే ఉన్నారు.

మా పక్క ఊరి కౌలు రైతు ఒకతన్ని రెండేళ్ల కింద నేను వెంటబెట్టుకుని పెద్ద దవాఖానకు పోయాను. నెల రోజులుగా అతనికి నిద్ర లేదు. ఓపీ చీటీ రాసే చోట, "మనసు డాక్టరు మంగళవారమే వస్తాడు" అన్నారు. మంగళవారం పోతే ఆ రోజు మీటింగు. మూడోసారికి చూసి మందులు రాశారు, దవాఖాన మందుల కౌంటర్‌లో రెండు గోలీల్లో ఒకటే ఉంది. రెండోది బయట కొన్నాం. మూడు సార్లు పోవడానికి అతనికి మూడు రోజుల పని పోయింది, బస్సు కిరాయి, తిండి ఖర్చు పోయాయి. వెంట మనిషి లేకపోతే మొదటి రోజే ఇంటికి తిరిగి వచ్చేవాడు. ఇప్పుడు అతను బాగున్నాడు. అప్పు ఇంకా ఉంది. కానీ అప్పులోడితో కూర్చుని మాట్లాడే శక్తి అతనికి వచ్చింది. ఆ శక్తి కోసమే ఈ పోరాటం అంటున్నాను.

బాధ ఒక్కడిది కాదు, ఊరిది

కుంగిన రైతు గురించే మాట్లాడితే సరిపోదు. ఊరంతా కుంగింది.

కౌలు రైతును చూడండి. 2018లో రైతు స్వరాజ్య వేదిక, టాటా సాంఘిక శాస్త్రాల సంస్థ విద్యార్థులతో కలిసి తెలంగాణలో ఆత్మహత్యలు జరిగిన 692 కుటుంబాలను కలిస్తే, ప్రతి నలుగురిలో ముగ్గురు కౌలుకు భూమి చేసినవాళ్లే. రైతు బీమా పాసుపుస్తకం ఉన్నవాడికే. పంట పెట్టుబడి సాయం కూడా భూమి ఉన్నవాడికే వచ్చింది. 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టం చేసి తెలంగాణలో దాన్ని మూలన పడేశారు. ఆంధ్రలో 2019 చట్టం తెచ్చినా భూమి యజమాని సంతకం పెడితేనే కార్డు. పంట నాది, అప్పు నాది, నష్టం నాది, పేరు మాత్రం నాది కాదు అనే బతుకు ఏ మనిషినైనా లోపల తింటుంది.

మహిళలను చూడండి. సూక్ష్మ రుణాల గ్రూపులో ఒకామె కిస్తీ కట్టకపోతే మిగతా తొమ్మిది మందిని ఆమె ఇంటి ముందు కూర్చోబెడతారు. నిన్నటిదాకా చేదోడుగా ఉన్న పక్కింటామెతోనే తిట్టిస్తారు. 2010లో ఈ వేధింపులు తట్టుకోలేక ఎంతోమంది చనిపోతే అప్పటి ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. ఇప్పుడు వేరే పేర్లతో, ఫోన్ యాప్‌లతో అదే యవ్వారం మళ్లీ ఊళ్లలోకి వచ్చింది. వాళ్లు వసూలు చేసేది మిత్తి ఒక్కటే కాదు, ఊరి మనుషుల మధ్య ఉండే నమ్మకాన్ని కూడా వసూలు చేస్తున్నారు.

యువకులను చూడండి. డిగ్రీ చదివి ఉద్యోగం లేక, సేద్యం చేస్తే పిల్లనిచ్చేవాళ్లు లేక, ఫోన్‌లో ముఖం దాచుకుని కూర్చున్న ముప్పై ఏళ్ల పిల్లలు ప్రతి వాడకట్టులో ఉన్నారు. ముసలివాళ్లను చూడండి. పిల్లలు హైదరాబాద్, ముంబై, దుబాయి పోతే పింఛను డబ్బులు, బీపీ గోలీలు, మూసిన తలుపు మిగిలాయి. కూలీలను చూడండి. హార్వెస్టరు వచ్చాక, కలుపు మందు వచ్చాక పని రోజులు తగ్గాయి, అప్పు తగ్గలేదు.

వీళ్లందరి మధ్య బెల్టు షాపు ఒక్కటే రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంటుంది. బాధ మరచిపోవడానికి తాగుతున్నారని అందరూ అంటారు. తాగుడు బాధను మరిపించదు, నిద్రను చెడగొడుతుంది, కుంగుబాటును పెంచుతుంది, చేయకూడని పని చేసే తెగువ ఇస్తుంది. ఊళ్లో మనసు డాక్టరు లేడు, మద్యం మాత్రం దొరుకుతుంది. ఖజానాకు ఆదాయం వచ్చే దుకాణానికి టార్గెట్లు పెట్టే ప్రభుత్వం, ఆరోగ్య కేంద్రంలో కుంగుబాటు గోలీ నిల్వ ఉందో లేదో చూడదు.

చేస్తే అవుతుంది

"ఇది అయ్యే పనేనా?" అనేవాళ్లకు మూడు ఉదాహరణలు.

ఒకటి, విదర్భ. మనలాగే పత్తి, మనలాగే అప్పులు, మనలాగే ఆత్మహత్యలు ఉన్న అమరావతి జిల్లాలో 30 ఊళ్లలో 'విశ్రామ్' అనే కార్యక్రమం నడిచింది. ఊరి మనుషులకే శిక్షణ ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ పోయారు, కుంగుబాటు గురించి నలుగురిలో మాట్లాడారు, అవసరమైనవాళ్లను కౌన్సెలరు దగ్గరికి, డాక్టరు దగ్గరికి చేర్చారు. కుంగుబాటు ఉన్నవాళ్లలో సాయం అందుకున్నవాళ్లు మొదట నూటికి నలుగురు ఉంటే, ఏడాదిన్నరకు 27 మంది అయ్యారు. చావాలనే ఆలోచన వచ్చినవాళ్లు నూటికి 5.2 నుంచి 2.5కు తగ్గారు. కొత్త ఆసుపత్రి కట్టలేదు. మనిషి మనిషి దగ్గరికి పోయాడు.

రెండు, శ్రీలంక. అక్కడ 1995లో లక్షకు 57 మంది ఆత్మహత్య చేసుకునేవాళ్లు. బాగా విషపూరితమైన పురుగుమందులను వరుసగా నిషేధించారు. 2015 నాటికి అది లక్షకు 17కు వచ్చింది. ఆ ఇరవై ఏళ్లలో 93 వేల ప్రాణాలు నిలిచాయని పరిశోధకులు లెక్క కట్టారు. పంట దిగుబడి మీద దెబ్బ పడలేదు. ఆ క్షణం దాటితే చాలామంది మనిషి బతకాలనే అనుకుంటాడు. చేతికందే దూరంలో విరుగుడు లేని విషం లేకపోతే ఆ క్షణం దాటిపోతుంది. మన దగ్గర 1968 నాటి చట్టం ప్రకారం రాష్ట్రం ఒక మందును తాత్కాలికంగా మాత్రమే ఆపగలదు, శాశ్వత నిషేధం ఢిల్లీ చేతిలో ఉంది. అయినా కేరళ 2011లోనే పారాక్వాట్, మోనోక్రోటోఫాస్ సహా పలు మందులను ఆపింది.

మూడు, మన వికారాబాద్. 2017లో అక్కడ కిసాన్ మిత్ర అనే హెల్ప్‌లైన్ మొదలైంది. రైతు ఫోన్ చేస్తే కష్టం విని, అది పాసుపుస్తకం సమస్య అయితే రెవెన్యూకు, అప్పు సమస్య అయితే బ్యాంకుకు తీసుకుపోయి వెంటపడే పద్ధతి అది. ఓదార్పు, పని రెండూ కలిసి నడిచాయి. తర్వాత ఆదిలాబాద్‌లో కూడా నడిపారు. మనకు కావలసిన నమూనా ఇదే. కష్టం వినేవాడే ఆ కష్టం తీరే దాకా కాగితం వెంట తిరగాలి.

మన డిమాండ్లు

1. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక నిర్ణీత రోజు మానసిక వైద్య సేవలు ఉండాలి. కుంగుబాటు మందులు అన్ని రోజులూ నిల్వ ఉండాలి. పల్లె దవాఖానల్లో ఆశ, ఏఎన్‌ఎం అక్కలకు శిక్షణ ఇవ్వాలి, ఆ పనికి వేరే పారితోషికం ఇవ్వాలి.

2. 2017 చట్టంలోని 115వ సెక్షన్ పోస్టరు ప్రతి పోలీసు స్టేషన్‌లో, ప్రతి దవాఖానలో తెలుగులో పెట్టాలి. బయటపడ్డ ప్రతి మనిషి ఇంటికీ కనీసం ఏడాది పాటు ఆరోగ్య సిబ్బంది పోవాలి.

3. విరుగుడు లేని పురుగుమందులు, కలుపు మందులు దేశమంతా శాశ్వతంగా నిషేధించాలి. వాటికి బదులు వాడాల్సినవి ఏమిటో వ్యవసాయ శాఖ చెప్పాలి, ధర తేడా భరించాలి.

4. 2016లో తెలంగాణ చేసిన ఋణ విమోచన కమిషన్ చట్టాన్ని పనిచేయించాలి. కమిషన్ జిల్లాలకు వచ్చి, ప్రైవేటు అప్పుల మీద రైతుల దరఖాస్తులు తీసుకోవాలి. ఇంటి మీదికి వచ్చి అవమానించే వసూళ్ల మీద కేసులు పెట్టాలి.

5. సాగు చేసే ప్రతి మనిషిని, మహిళా రైతును, కౌలు రైతును, పోడు రైతును రైతుగా రాయాలి. బీమా, రుణం, నష్టపరిహారం సాగు చేసేవాడికి రావాలి. వ్యవసాయ కూలీలకు కూడా అదే బీమా ఉండాలి.

6. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. తాళం వేసి ఉంచడానికి కాదు. నెలకు ఒక రోజు అక్కడ బ్యాంకు, రెవెన్యూ, వ్యవసాయ, ఆరోగ్య శాఖలు నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

7. బెల్టు షాపులు ఎత్తేయాలి.

గ్రామ కమిటీలు ఈ నెలే చేయాల్సిన పని

ప్రభుత్వం చేసేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. ప్రతి గ్రామ కమిటీ ఐదుగురితో ఒక పలకరింపు దళం వేయాలి. అందులో కనీసం ఇద్దరు మహిళలు, ఒక కౌలు రైతు, ఒక కూలీ ఉండాలి. ఊళ్లో ఏ ఇంటికి ఈ ఏడు దెబ్బ మీద దెబ్బ తగిలిందో మనకు తెలియనిది కాదు. బోరు ఎండినవాళ్లు, పంట కొట్టుకపోయినవాళ్లు, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినవాళ్లు, ఇదివరకే ఒక మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. ఆ ఇళ్లకు ముందు పోవాలి.

గుర్తులు కష్టం కాదు. కల్లం దగ్గర నలుగురిలో కూర్చునేవాడు దూరంగా ఉంటాడు. మందుల దుకాణం ఎదురుగా పోకుండా సందులోంచి తిరిగిపోతాడు. ఫోన్ ఎత్తడు. పశువులను పట్టించుకోడు. "నేను లేకపోతే వీళ్లే బాగుంటారు" లాంటి మాట అంటాడు. ఉన్నట్టుండి లెక్కలన్నీ తేల్చేసి ఎవరి వస్తువులు వాళ్లకు ఇచ్చేస్తుంటాడు. ఈ మాటలు, పనులు చూసి నవ్వులాటగా తీసుకోవద్దు.

పోయినప్పుడు ఉపన్యాసం చెప్పొద్దు. "ధైర్యంగా ఉండు, మగాడివి కదా" అని అసలే అనొద్దు. ఛాయ్ తాగండి, చేను సంగతి అడగండి, చెప్పేది పూర్తిగా వినండి. అనుమానం ఉంటే సూటిగా అడగండి: "అన్నా, చనిపోవాలనే ఆలోచన ఏమైనా వస్తోందా?" ఇట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు, గుండె బరువు దిగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. అవునంటే ఆ మనిషిని ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఉన్న మందు డబ్బాలు వేరేచోటికి చేర్చండి. తెల్లారి దవాఖానకు వెంట పోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఈ నంబరు ప్రతి మందుల దుకాణం గోడ మీద, ప్రతి రైతు వేదిక మీద, పాల కేంద్రం దగ్గర రాయండి.

ఆ తర్వాత అప్పు సంగతి. అప్పిచ్చినవాళ్లను పిలిచి, సంఘం నలుగురి ముందు లెక్క తేల్చి, మిత్తి ఆపించి, గడువు రాయించండి. ఒక్కడు పోతే కసిరేవాడు, సంఘం పోతే కుర్చీ వేస్తాడు. ఆ ఇంటికి వారానికోసారి మళ్లీ పోవడం మరవొద్దు. ఇంట్లో సంగతి బయట మాట్లాడిన దళ సభ్యుణ్ణి ఆ రోజే తప్పించండి.

ఒకప్పుడు నాట్లకు బదులు కూలి ఉండేది. ఈ రోజు మీ చేనులో మేము, రేపు మా చేనులో మీరు. గుండె బరువుకు కూడా ఆ బదులే కావాలి. ఇవాళ నేను నీ వాకిట్లో కూర్చుంటా, రేపు నువ్వు నా వాకిట్లో కూర్చో. రైతును ఒంటరిని చేసిన తర్వాతే మార్కెట్ అతన్ని ముంచగలిగింది, ఫైనాన్సోడు బెదిరించగలిగాడు, ప్రభుత్వం మరచిపోగలిగింది. కాబట్టి ఒంటరితనాన్ని పగలగొట్టడం కూడా పోరాటమే.

వచ్చే నెల మండల మహాసభల్లో ఈ డిమాండ్లను తీర్మానాలుగా పెట్టండి. ఏ ఊళ్లో దళం ఏర్పడిందో, ఎన్ని ఇళ్లు తిరిగిందో, పీహెచ్‌సీలో మందులు ఉన్నాయో లేవో రాసి పంపండి. మనుషుల పేర్లు రాయొద్దు, లెక్క మాత్రం రాయండి. ఆ లెక్కతోనే కలెక్టరేట్ ముందు కూర్చుందాం.

రైతు బతకాలి. రైతు కూలీ బతకాలి. బతికుండగానే మన హక్కులు మనకు రావాలి.